ఆకుపచ్చ మొహం రౌతు

ఇషెన్‌బెక్‌కి ముక్కు మీద కోపం. వచ్చినంత వేగంగా పోతుంది కూడా. పొద్దున పక్క వాటావాడితో గోడకి మేకులు కొట్టే విషయంలో జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేసి, సాయంత్రానికి వాడికే బుట్టెడు ఆపిల్ పళ్లు పట్టుకెళ్లి ఇచ్చే రకం. అట్లాంటివాడు ఒక్క సతార్ మీద మాత్రం ముప్పై ఏళ్లు దాటినా కోపం చల్లారనివ్వలేదు. బిష్కెక్ ఎంత పెద్ద నగరమైనా తెలిసినవాళ్లు తెలిసినవాళ్లే కదా, పెళ్లిళ్లలో దినాల్లో ఎదురుపడక తప్పదు. సతార్ ఈ గదిలో భోజనానికి కూర్చుంటే ఇషెన్‌బెక్ వెళ్లి ఆ గదిలో కూర్చునేవాడు. గొర్రె మాంసం పంచేవాళ్లకి కూడా ఈ సంగతి తెలిసిపోయి, ఇచ్చే ఎముకని బట్టే మర్యాద కాబట్టి, ఇద్దరికీ సమానమైన ఎముక వెళ్లేట్టు జాగ్రత్తపడేవాళ్లు.

జనం మాత్రం తప్పు ఇషెన్‌బెక్‌దే అనేవాళ్లు. ఎందుకంటే ఇద్దరూ ఎలుక ఏట పుట్టినవాళ్లు, కుర్‌దాష్‌లు. ఒకే ఏట పుట్టిన కుర్‌దాష్‌లకి మా దగ్గర ఒక హక్కుంది. నలుగురిలో ఒకణ్ణొకడు ఎంత ఎగతాళైనా చేసుకోవచ్చు. నీ గుర్రం గాడిదకి పుట్టిందనొచ్చు, నీ పెళ్లాం నిన్ను జాలిపడి చేసుకుందనొచ్చు. రెండోవాడు ఇంకో నాలుగు కలిపి తిరిగి అనాలే గాని మూతి ముడవకూడదు. ముడిచాడా, తప్పంతా వాడిదే. "నన్నంటే నేనూ పడేవాణ్ణి. వాడు నా ఆటని అన్నాడు," అనేవాడు ఇషెన్‌బెక్.

ఆ ఆట సంగతి చెప్పాలి. ఇది తొంభయ్యో సంవత్సరం నాటి మాట. ఇషెన్‌బెక్ అప్పుడు కొలత పరికరాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ కొట్టుకెళ్లి కొనుక్కునే రోజులు కావవి. ఎవరో గీసిన సర్క్యూట్ పటం, దాన్ని చూసి ఇంకెవరో గీసిన పటం, అట్లా పది చేతులు మారి అలుక్కుపోయిన కాగితం ఒకటి దొరికితే, దాన్నిబట్టి చిప్పులు ఏరుకొచ్చి ఎవరి బోర్డు వాళ్లు సోల్డర్ చేసుకోవాల్సిందే. ఇషెన్‌బెక్ అట్లాగే చేశాడు. కీబోర్డుకి పాత లెక్కల యంత్రం మీటలు పెట్టాడు, డబ్బా ప్లైవుడ్‌తో చేశాడు, తెర కోసం ఇంట్లో ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీని లాక్కొచ్చాడు. ఆ యంత్రం మీద తనే ఒక ఆట రాశాడు. గుర్రాల మీద రౌతులు మేక కళేబరం కోసం కొట్లాడుకుని, లాక్కెళ్లి గుంటలో పడేసే మా ఆట లేదూ, ఉలాక్, అదే. గుర్రం దుమ్ము లేపుతూ పరిగెత్తేది. రౌతు నెత్తి మీద తెల్ల కల్పాక్ టోపీ అదిరేది. వెనకాల మంచు కొండలు మెల్లగా జరిగేవి. తనూ సతారూ వెళ్లే రేడియో క్లబ్బు వాళ్లంతా వచ్చి చూసి నోళ్లు తెరిచారు.

అల్మా-అతా నగరంలో ఇట్లాంటి సొంత కంప్యూటర్ల పోటీ జరుగుతోందని తెలిసింది. సరిగ్గా అప్పుడే ఇషెన్‌బెక్ భార్య గుల్‌సున్‌కి నెలలు నిండాయి. కదలడానికి లేదు. అదే పటంతో చేసిన యంత్రాలు అక్కడా ఉంటాయి కాబట్టి, ఆటని ఇంకో క్యాసెట్‌లోకి ఎక్కించి, అది సతార్ చేతికిచ్చి బస్సెక్కించాడు. రెండు రోజులకి సతార్ తిరిగొచ్చాడు. గుమ్మంలో నిలబడి, ఎక్కిళ్లు వచ్చేట్టు నవ్వుతూ, "ఒరేయ్ కుర్‌దాష్, హాలంతా పడీ పడీ నవ్విందిరా. జడ్జీలు కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఆపుకోలేకపోయాను," అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఇషెన్‌బెక్ మొహం మీదే తలుపేశాడు. తర్వాత సతార్ రెండు మూడుసార్లు వచ్చి తలుపు తట్టాడు. ఇషెన్‌బెక్ గడియ తియ్యలేదు. ఆ మరుసటేడు దేశమే ముక్కలైంది, ఫ్యాక్టరీ మూతపడింది, క్లబ్బు వాళ్లంతా బజారులో సరుకులమ్ముకోవడానికి పోయారు, ఆట సంగతి అడిగేవాడే లేకపోయాడు.

ఇషెన్‌బెక్ మాత్రం మరిచిపోలేదు. ఉలాక్‌లో నవ్వడానికి ఏముంది? ఈ ప్రశ్న ఆయన బుర్ర తొలిచేసింది. గుర్రం కాళ్లు సరిగ్గా కదలలేదా? సతార్‌కి ఆడటం చేతకాక రౌతుని గుంటలో పడేశాడా? టేప్ దెబ్బతిందా? లేక వాడు అసలు ఇంకేదో క్యాసెట్ పెట్టి నా పేరు చెప్పాడా? ఎటు తిప్పి ఆలోచించినా చివరికి తప్పు సతార్ దగ్గరే తేలేది. అట్లా తేలితే గాని ఆయనకి నిద్ర పట్టేది కాదు.

ఈ శరదృతువులో నగర గ్రంథాలయం నుంచి నాజిరా అనే అమ్మాయి ఫోన్ చేసింది. పాతకాలపు ఇంటి కంప్యూటర్ల ప్రదర్శన పెడుతోందట. పెద్దన్నా అని మర్యాదగా పిలవడానికి మా దగ్గర బాయ్‌కె అంటారు.

"బాయ్‌కె, మీ దగ్గర సొంతంగా చేసిన యంత్రం ఉందట కదా. అది నడుస్తుందా?"

"నడవకేం."

"అయితే తప్పకుండా తీసుకురావాలి. మీ క్లబ్బు వాళ్లందర్నీ పిలిచాను. సతార్ బాయ్‌కె కూడా వస్తానన్నారు."

ఇషెన్‌బెక్ ఫోన్ పెట్టేశాడు. ఇన్నాళ్లకి దొరికాడు. పదిమంది ముందు, సతార్ కళ్లెదుట ఆ ఆట నడపాలి. నడిపి, ఇందులో నవ్వడానికి ఏముందో చూపించరా అని అడగాలి. సతార్ నీళ్లు నమలాలి. ఇంతకంటే ఆయనకి ఈ వయసులో కోరికలేం లేవు.

యంత్రం అటక మీంచి దించి కరెంటిస్తే బతికే ఉంది. టీవీయే పోయింది. లోపల ఏదో టప్‌మని పేలి, కాలిన వాసన వేసి ఊరుకుంది. అట్లాంటి టీవీ ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకదు. దొరికినా దాన్ని మోసుకెళ్లి జనం ముందు పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

"చదును తెర చేస్తా. ఎల్‌సీడీ," అన్నాడు గుల్‌సున్‌తో.

"చెయ్యి. ఎక్కడ చేస్తావు?"

"బాల్కనీలో."

"బాల్కనీలో నా టొమేటో సీసాలున్నాయి."

"ఓ మూలకి జరుపు, ముసల్దానా."

"జరపడానికి మూల ఏదీ, పిల్లల నాన్నా? ఒక మూల నీ రేడియోలు, ఒక మూల నీ వైర్లు. ఇక మిగిలింది నీ నెత్తి. అక్కడ పెట్టమంటావా?"

చివరికి సీసాలు మంచం కిందకి చేరాయి. ఇషెన్‌బెక్ దోర్దోయ్ బజారుకెళ్లి, కొట్లుగా మార్చిన కంటైనర్ల సందుల్లో పొద్దంతా తిరిగి, చితికిపోయిన ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసిన ప్యానెల్ ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని నడిపే బోర్డు ఒకటి, దాంతోపాటు అగ్గిపెట్టె అంత ఇంకో బోర్డు. ఈ చిన్నది దుబాసీలాంటిది. పాత యంత్రం చెప్పేది విని, కొత్త ప్యానెల్‌కి అర్థమయ్యేట్టు చెప్పాలి. ప్యానెల్ పల్చగా, బరువు లేకుండా, వెనక్కి తిప్పితే ఒక్క రేకు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఇంత సన్నటి దాంట్లో బొమ్మ ఎక్కడుంటుంది, వెలుగెక్కడుంటుంది అని గుల్‌సున్‌కి వివరించబోతే, ఆమె చేతికి పిండి అంటుకునుంది, వినే తీరిక లేదంది.

అన్నీ కలిపి కరెంటిచ్చాడు. ప్యానెల్ వెలిగింది. మధ్యలో చిన్న పెట్టె, పెట్టెలో రెండు మాటలు: సిగ్నల్ లేదు.

"లేకపోవడమేంట్రా?" అన్నాడు ప్యానెల్‌తో.

వైర్లు చూశాడు. సోల్డర్ చూశాడు. సిగ్నల్‌ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ పెడితే, అది శుభ్రంగా వస్తోంది. అయినా ప్యానెల్ అదే పాట. పాత టీవీ మంచి మనిషి. బొమ్మ జారిపోతుంటే వెనకాల మీట కాస్త తిప్పితే సర్దుకుపోయేది. దీనికి సర్దుకుపోవడం రాదు. లెక్కప్రకారం వస్తేనే లోపలికి రానిస్తుంది, లేదంటే గుమ్మంలోంచే పొమ్మంటుంది. ఇషెన్‌బెక్‌కి కోపం వచ్చి రెండుసార్లు స్క్రూడ్రైవర్ విసిరికొట్టాడు. రెండుసార్లూ తనే ఏరుకున్నాడు. అయితే కోపం కంటే ఆయన్ని నిలవనివ్వనిది వేరే ఉంది. ఎందుకు రాదు? ఏం తప్పింది? ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇట్లాంటి ప్రశ్న ఎదురై ఎన్నాళ్లయిందో. పొద్దున లేస్తూనే బాల్కనీలోకి పరిగెత్తేవాడు. టీ చల్లారిపోయేది, మీద మీగడ కట్టేది.

మూడో రోజు పొద్దున టీలోకి నూనెలో వేయించిన బూర్సోక్ నములుతూ నములుతూ ఆగిపోయాడు. క్రిస్టల్. యంత్రంలో పనులన్నీ లయ తప్పకుండా తాళం వేసేది ఆ చిన్న రేకుడబ్బానే. పటంలో చెప్పిన క్రిస్టల్ అప్పట్లో దొరక్క, ఫ్యాక్టరీ చెత్తలో పారేసిన రేడియో సెట్టు నుంచి ఒకటి పీకి పెట్టాడు. అది కాస్త దూకుడుది. అంటే తన యంత్రం ఇన్నాళ్లూ పుస్తకంలో రాసినదానికంటే వేగంగా బొమ్మలు పంపుతోంది. టీవీ మారు మాట్లాడకుండా పట్టుకుంది కాబట్టి తనకి గుర్తే లేదు. దుబాసీ బోర్డేమో పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం ఎదురుచూస్తోంది.

"గుల్‌సున్, తప్పు ప్యానెల్‌ది కాదు. మనదే."

"అబ్బో, నీ నోట ఈ మాట వినడానికి నేను ఇన్నేళ్లు బతికున్నందుకు సంతోషం," అంది ఆమె వంటింట్లోంచి.

యంత్రం నిజంగా ఎంత వేగంతో నడుస్తోందో ఆసిలోస్కోప్ మీద కొలిచి, ఆ లెక్క దుబాసీ బోర్డులో రాశాడు. మధ్యాహ్నానికి ప్యానెల్ మీద బొమ్మ నిలబడింది. బూడిదరంగు కొండలు, తెల్ల కల్పాక్, నల్ల గుర్రం. గీత గీతా విడిగా కనిపిస్తోంది. టీవీలో ఎప్పుడూ ఇంత స్పష్టంగా చూడలేదు. గుల్‌సున్ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. మొదటి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు రాత్రీ పగలూ ఇంట్లో ఇదే టకటకలాడేదని గుర్తుచేసుకుంది. బాగుందంది. అక్కడితో ఆపి ఉంటే కథే లేదు.

కానీ ఈ మనిషి ఆపుతాడా. డబ్బా మూత బిగిస్తూ లోపలికి చూశాడు. బోర్డు అంచున మూడు వైర్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. యంత్రం రంగులు విడివిడిగానే పంపుతుంది. ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ కాబట్టి, మూడింటినీ మూడు రెసిస్టర్లతో ఒక్క ముడి వేసి టీవీకిచ్చాడు. ఆ ముడి అట్లాగే ఉంది. ఈ ప్యానెల్‌కి రంగులొచ్చు. ముడి విప్పితే? ఉలాక్ రంగుల్లో ఎట్లా ఉంటుంది? ఆలోచించగానే చేతులు దురద పెట్టాయి. పుట్టిన బిడ్డకి ఇన్నాళ్లకి కొత్త బట్టలు తొడిగినట్టు ఉంటుందనుకున్నాడు. ముడి కోసేసి, మూడు వైర్లూ విడిగా దుబాసీ బోర్డుకి సోల్డర్ చేశాడు.

టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టాడు. పాత కూత మొదలైంది, కీచుమని, గరగరమని. టేప్ నుంచి ఆట ఎక్కుతున్నంతసేపూ తెర అంచుల్లో చారలు పరిగెడతాయి. ఇన్నాళ్లూ అవి బూడిద చారలు. ఇప్పుడు నీలం, పసుపు. కళ్లు జిగేల్మనేంత నీలం, పసుపు. ఇషెన్‌బెక్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆట ఎక్కింది. బొమ్మ వచ్చింది.

ఆకాశం పసుపుపచ్చగా ఉంది. గడ్డి ఊదారంగు. గుర్రం నీలం. మేక పండుమిరపకాయంత ఎరుపు. వీటన్నిటి మధ్య, తెల్ల కల్పాక్ పెట్టుకుని, మహా గంభీరంగా, పాలకూర ఆకంత ఆకుపచ్చటి మొహంతో ఒక రౌతు.

వైర్లు తారుమారయ్యాయనుకున్నాడు. చూశాడు. ఎరుపు ఎరుపుకే ఉంది, నీలం నీలానికే ఉంది. అనుమానం తీరక, సున్నా నుంచి ఏడు దాకా రంగుల పట్టీలు గీసే చిన్న ప్రోగ్రాం రాసి చూశాడు. నలుపు, నీలం, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, లేతనీలం, పసుపు, తెలుపు. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో ఆయనకి అవి రంగులు కావు. టీవీ మీద సున్నా నలుపు, ఏడు తెలుపు, మధ్యలోవి ముదురు నుంచి లేత దాకా బూడిదలు. ఆకాశానికి లేత బూడిద కావాలి, ఆరు పెట్టాడు. గుర్రానికి ముదురు కావాలి, ఒకటి పెట్టాడు. మొహానికి మధ్యరకం, నాలుగు. క్లబ్బులో అందరి ఇళ్లలోనూ బ్లాక్ అండ్ వైట్ టీవీలే, అందరికీ అట్లాగే కనిపించింది. ఆ అంకెల వెనక నిజంగా రంగులున్నాయని తెలియక కాదు. ఆ సంగతి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆయన బుర్రకి తట్టలేదు. అల్మా-అతా హాల్లో రంగుల టీవీ ఉండి ఉంటుంది.

వెనకనుంచి గుల్‌సున్ వచ్చింది. తెర చూసింది. చేతిలో టీ పియాలా బల్ల మీద పెట్టేసి, గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "ఎవరయ్యా ఇతను? పులిసిన గుర్రప్పాలు తాగాడా? ఆ మేకని వదిలేసి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లమను," అంటూ మళ్లీ నవ్వింది. కళ్లెంట నీళ్లు కారుతున్నాయి. ఇషెన్‌బెక్‌కి కోపం రాలేదు. రాకపోవడానికే ఆయనకి భయం వేసింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు, పగ లేదు, ఎవరు చూసినా అట్లాగే నవ్వుతారు. సతార్ కూడా అట్లాగే నవ్వి ఉంటాడు. గుమ్మంలో నిలబడి ఇంకా ఏదో చెప్పబోయింది ఇదేనన్నమాట.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ముప్పై ఏళ్లు మోసిన కోపాన్ని ఒక్క మధ్యాహ్నంలో ఎక్కడని దించుతాడు? దించితే, మరి ఆ ముప్పై ఏళ్లూ ఏమిటి? పెళ్లిళ్లలో పక్క గదిలో ఒక్కడూ కూర్చుని తిన్న భోజనాలేమిటి? మర్నాడు బల్ల ముందు కూర్చుని ప్రోగ్రాంలో ఆ కాసిని అంకెలూ మార్చేశాడు. ఆకాశానికి నీలం, గడ్డికి ఆకుపచ్చ, గుర్రానికి నలుపు, మొహానికి పసుపు. కాసేపటి పని. మార్చిన ఆటని అదే క్యాసెట్ రెండో వైపు రికార్డ్ చేశాడు. ఇప్పుడు ఉలాక్ ముచ్చటగా ఉంది.

గుల్‌సున్ చూసి, "అదేంటి, ఆ ఆకుపచ్చాయన ఏడీ?" అంది.

"అది ప్యానెల్ పొరపాటు. సరిచేశాను."

"ప్యానెల్‌దా?"

"ప్యానెల్‌దే."

ఆమె బల్ల మీది పియాలాలు తీస్తూ, "సతార్ వాళ్లావిడ బజారులో కనపడింది. ఆయనకి ఈ మధ్య బాగుండట్లేదట. నిన్న జరిగింది ఇవాళ గుర్తుండట్లేదట. పాతవి మాత్రం పొల్లుపోకుండా చెబుతాడట, అదే వాళ్లకి ధైర్యమట," అని చెప్పి వెళ్లిపోయింది. ఇషెన్‌బెక్ విననట్టు వైర్లు సర్దుకున్నాడు.

ప్రదర్శన రోజు గ్రంథాలయం హాలు నిండిపోయింది. ఒక్కో బల్ల మీద ఒక్కో యంత్రం. ఇషెన్‌బెక్ బల్ల దగ్గరే గుంపు. ప్లైవుడ్ డబ్బా, పాత మీటలు, పక్కనే సన్నటి మెరిసే తెర, దాని మీద నీలాకాశం కింద నల్ల గుర్రం దౌడు. క్లబ్బు పాత మిత్రులు భుజం తట్టారు. ఇంత అందమైన ఆటని మనం అప్పట్లో బూడిదలో చూశాం కదరా అన్నారు. నాజిరా ఫొటోలు తీసింది. ఇషెన్‌బెక్ అందరికీ జవాబు చెబుతూనే తలుపు వైపు చూస్తున్నాడు.

సతార్ వచ్చాడు. ఎంత చిక్కిపోయాడో. కోటు భుజాల మీంచి జారిపోయేట్టుంది. కోడలు మోచేయి పట్టుకుని, "నెమ్మదిగా, అతా," అని మామని తండ్రిలా పిలుస్తూ నడిపిస్తోంది. జనం దారిచ్చారు. ఈ ఇద్దరి సంగతి తెలియనివాళ్లు ఆ గుంపులో తక్కువ.

"ఏరా, ఇంకా భూమికి బరువుగానే ఉన్నావా?" అన్నాడు సతార్. గొంతు మాత్రం పాత గొంతే.

కుర్‌దాష్‌గా తిరిగి అనాల్సిన మాట ఇషెన్‌బెక్ అనలేదు. ఇన్నేళ్లుగా తయారుచేసుకున్న మాటే అన్నాడు. "చూడు. బాగా చూసి చెప్పు. ఇందులో నవ్వడానికి ఏముంది?"

సతార్ వంగి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆకాశం నీలంగా ఉంది," అన్నాడు.

"ఆకాశం నీలంగా కాక ఇంకెట్లా ఉంటుంది?"

"మొహం... మొహం ఆకుపచ్చగా ఉండేది కదరా?"

"ఎవరి మొహం, బాయ్‌కె?" అంది నాజిరా.

"ఈ రౌతుదే తల్లీ. ఆకాశమేమో పసుపు. గుర్రం నీలం. అల్మా-అతాలో పెద్ద రంగుల టీవీకి తగిలించారు. హాలంతా దొర్లి దొర్లి నవ్వారు. వీడి ఇంట్లో రంగుల టీవీ లేదు కదా, వీడికి తెలియదు, పోయి చెప్పాలి అనుకున్నా. దారంతా అదే తలుచుకుని నవ్వుకుంటూ వచ్చా." సతార్ ఇషెన్‌బెక్ వైపు తిరిగాడు. "ఇది అదే ఆటా?"

అందరూ ఇషెన్‌బెక్ వైపే చూస్తున్నారు.

"అదే ఆట," అన్నాడు ఇషెన్‌బెక్.

సతార్ మొహంలో ఏదో ఆరిపోయింది. తెర వంక ఇంకోసారి చూసి, కోడలి చేయి తడుముకుని పట్టుకున్నాడు. "అయితే అదీ పోయిందమ్మా. పాతవి గట్టిగా ఉన్నాయి, భయం లేదు అన్నాడు కదా డాక్టరు. అతనితో చెప్పు, పాతవి కూడా పోతున్నాయని. లేనివి ఉన్నట్టు తోస్తున్నాయని." ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సతార్ ఇషెన్‌బెక్ ముందు తల వంచాడు. "తప్పు నాదే, కుర్‌దాష్. ఏం చూసి నవ్వానో నాకే తెలియట్లేదు. మన్నించు."

ఇషెన్‌బెక్ ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మాట అది. పదిమంది ముందు, సతార్ నోటి నుంచి, తల వంచి మరీ వచ్చింది. కానీ ఈ మనిషి దగ్గర మిగిలినవే నాలుగు జ్ఞాపకాలు, వాటిలో ఒకదాన్ని తను దొంగిలించాడు. టేప్ రికార్డర్ మూత తెరిచి, క్యాసెట్ బయటికి తీసి, తిరగేసి పెట్టి, మీట నొక్కాడు.

కీచుమని కూత మొదలైంది. నీలం, పసుపు చారలు పరిగెత్తాయి. టేప్ నుంచి ఆట ఎక్కడానికి నిమిషాలు పడుతుంది, తొందరపెడితే వినదు. అన్ని నిమిషాలూ ఆ కూత వింటూ హాలంతా ఊరికే నిలబడింది. సతార్ వెళ్లిపోబోతే ఇషెన్‌బెక్ వెళ్లి ఆయన కోటు చెయ్యి పట్టుకున్నాడు. "ఉండరా. కాసేపుండు," అన్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

కూత ఆగింది. తెర మీద పసుపు ఆకాశం వచ్చింది. నీలం గుర్రం వచ్చింది. తెల్ల కల్పాక్ కింద ఆకుపచ్చ మొహంతో రౌతు మహా గంభీరంగా వచ్చాడు.

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. ఆపైన హాలు హాలంతా నవ్వింది. సతార్ మాత్రం నవ్వలేదు. వేలు చాపి, తెరకి దాదాపు తగిలేట్టు పెట్టి, "అదిగో," అన్నాడు మెల్లగా. కోడలి వైపు తిరిగి, "ఆకుపచ్చ. చూశావా? నాకు గుర్తుంది," అన్నాడు. అప్పుడు మొదలైంది ఆయన నవ్వు, ఎక్కిళ్లు వచ్చేట్టు, గుమ్మంలో నిలబడి నవ్విన ఆ నవ్వే.

"ఇదీ నేను రాసింది," అన్నాడు ఇషెన్‌బెక్ అందరికీ వినపడేట్టు. "ఇందాక చూసింది మొన్న మార్చింది. సతార్‌కి గుర్తున్నదే నిజం."

ఆ సాయంత్రం హాలు మూసేదాకా సతార్ ఆ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. కొత్తగా ఎవరు వచ్చినా చెయ్యి పట్టుకుని ఆపి, "మొహం ఆకుపచ్చగా ఉందని నేను అప్పుడే వచ్చి చెప్పాను," అని మొదటిసారి చెబుతున్నట్టే చెప్పాడు. ఇషెన్‌బెక్ ప్రతిసారీ పక్కనుంచి, "అవును, చెప్పడానికి వచ్చాడు. నేనే తలుపేశాను," అన్నాడు.